గ్రంథపాలకురాలు రాసిచ్చిన వెబ్‌సైట్లు: ఇంటర్ పిల్లకు ఏవి పనికొస్తాయి?

కాజీపేట_అమ్మ
మా పాప పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, ఇంగ్లిష్‌లో. వేసవిలో ఒక చదువుల యాప్ మనుషులు ఇంటికొచ్చి ఏడాది రుసుము మొత్తం ముందే కట్టించుకున్నారు. ఏ సందేహం వచ్చినా అరగంటలో జవాబు వస్తుందన్నారు. డబ్బు ముట్టాక ఫోను ఎత్తే దిక్కు లేదు. మొన్న భౌతికశాస్త్రం పుస్తకం కోసం గ్రంథాలయానికి వెళ్తే అక్కడి మేడం మా గోడు విని, ఒక కాగితం నిండా ఉచిత వెబ్‌సైట్ల పేర్లు రాసిచ్చారు. పేర్లు చూస్తే భయమేస్తోంది. మా పాప దేనితో మొదలుపెట్టాలి? వాడినవాళ్లు చెప్పండి.

మడికొండ_మాటకారి
ఆ పేర్లు ఇక్కడ రాయండి అమ్మా. అందరికీ పనికొస్తుంది.

కాజీపేట_అమ్మ
దీక్ష, టీ-శాట్, ఎన్‌సీఈఆర్‌టీ, స్వయం, ఎన్‌పీటీఈఎల్, నేషనల్ డిజిటల్ లైబ్రరీ, ఫెట్, ఖాన్ అకాడమీ, ఆంధ్రభారతి, తెలుగు వికీపీడియా, వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్, శోధ్‌గంగ, వికాస్‌పీడియా, స్టోరీవీవర్. కింద ఎర్ర సిరాతో 'అన్నీ ఒకేసారి తెరవొద్దు' అని కూడా రాశారు.

గ్రూప్స్_సాధన
ఆ ఎర్ర సిరా మాటొక్కటే పాటించండి చాలు. నేను హన్మకొండలో గదిలో ఉండి గ్రూప్స్ పోటీ పరీక్షలకు చదువుతున్నాను. వెబ్‌సైట్లు తిరిగేవాడికి తిరగడంతోనే సరిపోతుంది. ఒక పుస్తకం పట్టుకుని పదిసార్లు చదివినవాడే గట్టెక్కుతాడు. ఇంటర్ పిల్లకు ఫోను చేతికిచ్చి చదువుకోమంటే ఏం చూస్తుందో ఎవరికి తెలుసు?

భద్రకాళి_గట్టు
ఆవిడ అడిగింది ఏవి పనికొస్తాయని. ఫోను ఇవ్వాలా వద్దా అని కాదు తమ్ముడూ.

పరకాల_భౌతికం
ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి ఇది నా పని. అమ్మా, ఈ జాబితాలో మీ పాపకు ఇప్పుడు కావలసినవి నాలుగే: ఎన్‌సీఈఆర్‌టీ, ఫెట్, టీ-శాట్, ఖాన్ అకాడమీ. మిగతావి మంచివే, ఇప్పటికి పక్కన పెట్టండి.

ముందు ఫెట్ గురించి చెబుతాను, ఎందుకంటే తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఇది చేసినంత మేలు నా తరగతిలో మరేదీ చేయలేదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లది. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టారు. అందులో ఉపన్యాసాలు ఉండవు, చేసి చూసే ప్రయోగాలు ఉంటాయి. మొదటి సంవత్సరంలో ప్రక్షేపకాల పాఠం, అంటే గాల్లోకి విసిరిన వస్తువుల పాఠం, వస్తుంది కదా, ఆ ప్రయోగం తెరిస్తే ఒక ఫిరంగి కనిపిస్తుంది. దాన్ని లాగి ఎత్తు సున్నాకు దించమనండి. కోణం 30 డిగ్రీలు పెట్టి పేల్చాలి. గుండు వెళ్లిన దారి తెర మీద గీతగా నిలిచిపోతుంది. వేగం మార్చకుండా 60 డిగ్రీలు పెట్టి మళ్లీ పేల్చాలి. రెండో గుండు చాలా ఎత్తుకు వెళ్తుంది, కానీ మొదటిది పడ్డచోటే పడుతుంది! 45 దగ్గర అన్నిటికంటే దూరం వెళ్తుంది. ఇక గాలి నిరోధం అని ఒక గడి ఉంటుంది, అక్కడ టిక్ పెట్టి మళ్లీ చేయమనండి. లెక్క చెదిరిపోతుంది. 'ఎందుకు సార్?' అని పిల్లలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిన రోజున సూత్రం నేను రాయించక్కర్లేదు, వాళ్లే రాబడతారు. చాలా ప్రయోగాలు తెలుగులోనూ ఉన్నాయి. లాగిన్ అక్కర్లేదు, డబ్బు అడగరు.

రెండోది, ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకాలు వాళ్ల సైటులోనే అధ్యాయాలవారీగా దొరుకుతాయి. మన ఇంటర్ సైన్సు పాఠ్యాంశాలు వాటికి దగ్గరగానే ఉంటాయి. పక్కన తెలుగు అకాడమీ వాళ్ల తెలుగు మాధ్యమం పుస్తకం పెట్టుకుని, ఒకే అధ్యాయాన్ని ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో చదవమనండి. రెండు నెలలు కాస్త కష్టపడితే ఆ తర్వాత తెలుగు పుస్తకం అవసరం దానంతట అదే తగ్గుతుంది.

ఏటూరునాగారం_నుంచి
సార్ చెప్పింది బాగుంది. మా ఊళ్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. హాస్టల్లో ఉన్న మా తమ్ముడికి ఈ ప్రయోగాలు ఎలా చూపించాలి?

పరకాల_భౌతికం
ఫెట్‌లో చాలా ప్రయోగాలను ఫైలుగా దింపుకోవచ్చు. ఒకసారి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఇంటర్నెట్ లేకుండానే బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. ములుగు వచ్చినప్పుడు దింపుకొని వెళ్లండి. హాస్టల్లో ఒక్క కంప్యూటర్ ఉన్నా చాలు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ అంతే, ఒక్కసారి దింపుకుంటే ఏడాదంతా మీవే.

ఏటూరునాగారం_నుంచి
ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు సార్. ఈ వారమే దింపుతాను.

ఒకటో_తరగతి_టీచరు
టీ-శాట్‌కు కూడా సిగ్నల్ అక్కర్లేదు. విద్య, నిపుణ అని రెండు చానళ్లు, టీవీలో వస్తాయి. హాస్టల్లో టీవీ ఉంటే ప్రసార సమయాలు కనుక్కుని పెట్టించండి. తప్పిపోయిన పాఠాలు యూట్యూబ్‌లో ఉంటాయి. తెలుగులో చెబుతారు, అదే పెద్ద అండ.

దీక్ష గురించి ఎవరూ మాట్లాడలేదు. మన ప్రభుత్వ బడి పుస్తకాల్లో పాఠాల పక్కన ఉండే నలుపు తెలుపు గళ్ల చతురస్రం ఉంది చూశారా, దాన్ని దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. చాలామంది తల్లిదండ్రులు దాన్ని ధర ముద్ర అనుకుంటున్నారు.

మడికొండ_మాటకారి
మా మనవడి పుస్తకంలో ఇప్పుడే స్కాన్ చేశాను. వచ్చింది! వాడు నా వంక వింతగా చూస్తున్నాడు.

గ్రూప్స్_సాధన
సరే, బడి పిల్లలకు పనికొస్తాయేమో. మాలాంటివాళ్లకు మాత్రం ఈ జాబితాలో ఏమీ లేదు.

పుస్తకాల_చావడి
నేను జిల్లా గ్రంథాలయంలో గ్రంథపాలకురాలిని. కాజీపేట అమ్మగారికి కాగితం రాసిచ్చింది నేను కాదు, కానీ రాసిన ఆవిడ పని తెలిసినావిడ. సాధన బాబూ, మీకు కావలసినవి వేరే ఉన్నాయి. రోజూ మా పఠనమందిరంలో మీలాంటి వంద మందిని చూస్తాను. పొద్దున తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉంటారు. అందులో సగం మంది సంచుల్లో ఫొటోకాపీ కట్టలు. ప్రభుత్వం ఉచితంగా పెట్టిన నివేదికలకే అట్టలు వేసి ఎవరో అమ్ముతుంటే కొంటున్నారు. అది చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

తెలంగాణ ఆర్థిక వ్యవస్థకు సోషియో ఎకనమిక్ అవుట్‌లుక్ ఉంది. రాష్ట్ర ప్రణాళిక శాఖ ఏటా బడ్జెట్ సమయంలో విడుదల చేసి తన సైటులో పెడుతుంది. కేంద్ర ఆర్థిక సర్వే ఇండియా బడ్జెట్ సైటులో ఉంటుంది. రాజ్యాంగం పూర్తి పాఠం కేంద్ర శాసన విభాగం సైటులో ఉంది, ప్రాంతీయ భాషల వరుసలో తెలుగు ప్రతి కూడా ఉంది. చట్టాలకు ఇండియా కోడ్. పార్లమెంటులో ఉన్న బిల్లు ఏమిటో, దాని మీద వాదాలు ఏమిటో తెలియాలంటే పీఆర్‌ఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ల సంక్షిప్త వివరణలు. ప్రభుత్వ ప్రకటనలకు పీఐబీ. మా దగ్గర ఒకబ్బాయి చదువుతున్న గైడు 2019 నాటి 103వ సవరణతో ఆగిపోయింది. మహిళా రిజర్వేషన్ల 106వ సవరణ 2023లో వచ్చింది. పదిసార్లు చదవడం మంచిదే, చదివేది తాజాదై ఉండాలి కదా.

భద్రకాళి_గట్టు
గట్టిగా చెప్పారు మేడం.

గ్రూప్స్_సాధన
ఆ అవుట్‌లుక్ సారాంశం అని ఒక టెలిగ్రామ్ గుంపులో డబ్బు తీసుకుని పంపారు. అసలు నివేదిక ఇప్పుడే ప్రణాళిక శాఖ సైటులో తెరిచాను. పటాలు, పట్టికలు అన్నీ ఉన్నాయి, వాళ్లు పంపినదాంట్లో అవేవీ లేవు. ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను మేడం. అయినా పరీక్షకు పుస్తకమే ముందు, నివేదిక తర్వాత. ఆ మాట మార్చను.

పుస్తకాల_చావడి
మార్చక్కర్లేదు. పుస్తకాలు ఇవ్వడానికే కదా మేమున్నది.

కొత్తవాడ_నేత
ఏది అసలు సైటో ఏది నకిలీనో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఉద్యోగ ప్రకటన అని ఒక సైటు తెరిస్తే అచ్చం ప్రభుత్వానిదిలాగే ఉంది. దరఖాస్తు రుసుము కట్టమంది.

పుస్తకాల_చావడి
చిరునామా చివర చూడండి. జీఓవీ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్ అనేవి ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ఏసీ డాట్ ఇన్ విద్యాసంస్థలది. డాట్ కామ్, డాట్ ఓఆర్‌జీ ఎవరైనా డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. ఓఆర్‌జీ అని ఉన్నంత మాత్రాన సేవాసంస్థ అనుకోవద్దు. ఇంకో సంగతి, పేరు మధ్యలో 'జీఓవీ' అని ఇరికించి చివర డాట్ కామ్ పెట్టేవాళ్లు ఉన్నారు. కన్ను చివరి ముక్క మీదే ఉండాలి. డబ్బు కట్టే ముందు ఆ ప్రకటన పత్రికలో వచ్చిందో లేదో మీ దగ్గరి గ్రంథాలయంలో అడగండి, పాత సంచికలు తీసి చూపిస్తారు.

కేయూ_పరిశోధకురాలు
కాకతీయ విశ్వవిద్యాలయంలో చరిత్రలో పరిశోధన చేస్తున్నాను. శోధ్‌గంగ పేరు ఇంటర్ పాప జాబితాలో ఎందుకుందో తెలియదు కానీ, డిగ్రీ, పీజీ పిల్లలకు అది పెద్ద నిధి. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అందులో ఉంటాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ దాన్ని నడుపుతుంది. ఒక్కో గ్రంథం అధ్యాయాలుగా విడివిడి ఫైళ్లలో ఉంటుంది. నేను ముందు చివరి ఫైలు తెరుస్తాను, ఉపయుక్త గ్రంథాల పట్టిక అందులో ఉంటుంది. మన విషయం మీద ఇంతకుముందు ఎవరేం రాశారో ఆ పట్టికే చెబుతుంది.

ఇంకొకటి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్లు 'ఒకే దేశం ఒకే చందా' పథకం గురించి తమ గ్రంథాలయంలో అడగాలి. 2025 జనవరి నుంచి దాదాపు 13,000 పరిశోధన పత్రికలు దాని కింద చదువుకోవచ్చు. ఒక్క వ్యాసానికి రెండు మూడు వేలు అడిగే పత్రికలు అవి. మా తోటివాళ్లలో చాలామందికి ఇది తెలియదు.

మా చెల్లెలికి రామప్ప మీద ప్రాజెక్టు ఇచ్చారు. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతున్నారు. యునెస్కో ప్రపంచ వారసత్వ సైటులో రామప్ప పేజీకి వెళ్లి పత్రాల విభాగం తెరవమన్నాను. మనవాళ్లు సమర్పించిన ప్రతిపాదన మొత్తం అక్కడ ఉంది. 1213లో నిర్మాణం మొదలైందని, నీటిలో తేలే తేలిక ఇటుకలని, ఇసుక పునాది అని, ప్రతి మాటకూ ఆధారంతో సహా. వికీపీడియా నుంచి ఎత్తి రాయొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

ఓరుగల్లు_వికీ
ఇక్కడ నేను ఒప్పుకోను అక్కా. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అప్పటి నుంచి జీతం లేకుండా రాస్తున్నవాళ్లు ఉన్నారు, నేనూ రాస్తాను. మన మండలాల గురించి, చిన్న చిన్న గ్రామాల గురించి తెలుగులో ఇంకెక్కడ దొరుకుతుంది?

కేయూ_పరిశోధకురాలు
దొరుకుతుంది, కాదనను. కానీ ఊరి చరిత్ర అని రాసిన పేరాకు కింద ఒక్క ఆధారం లేని వ్యాసాలు ఎన్ని చూశానో. దాన్ని ప్రాజెక్టులో ఎక్కించి, ఆ ప్రాజెక్టును ఇంకొకరు చూసి రాసి, చివరికి అదే నిజమైపోతుంది. చరిత్ర చదివేదాన్ని, నాకు బాధగా ఉంటుంది.

ఓరుగల్లు_వికీ
ఆధారం లేనిచోట 'మూలం కావాలి' అని గుర్తు పెట్టే సౌకర్యం ఉంది. మీలాంటివాళ్లు ఆ పని చేస్తే వ్యాసం బాగుపడుతుంది. పైన 'చరిత్ర' నొక్కితే ఏ మార్పు ఏ తేదీన, ఏ ఖాతా నుంచి జరిగిందో కనిపిస్తుంది. అచ్చు పుస్తకంలో ఆ వీలు లేదు కదా.

పుస్తకాల_చావడి
నేను పిల్లలకు చెప్పేది ఇంతే: వికీపీడియాతో మొదలుపెట్టండి, అక్కడ ఆగిపోవద్దు. కింద మూలాల్లో ఉన్న పుస్తకం పేరు రాసుకుని నా దగ్గరికి రండి. ఉంటే బీరువాలోంచి తీసిస్తాను, లేకపోతే తెప్పించే ప్రయత్నం చేస్తాను.

మడికొండ_మాటకారి
మేడం, మీ గ్రంథాలయం సంగతి సరే, మా ఊరి శాఖలో దినపత్రికలు తప్ప ఏమీ లేవు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మాత్రం కట్టించుకుంటున్నారు.

పుస్తకాల_చావడి
ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. 1960 గ్రంథాలయాల చట్టం కిందే ఆ వసూలు. ఆ డబ్బు మీది, అందుకే అడగండి. ఏ పుస్తకాలు కావాలో రాసివ్వండి, కంప్యూటర్ మీద గుడ్డ తీయమని రాతపూర్వకంగా అడగండి. హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం 1904లో పెట్టినప్పుడు నిజాం పాలన. తెలుగు పుస్తకానికి ఒక గది సంపాదించడమే గగనమైన రోజులవి. ఇప్పుడు చట్టం ఉంది, పన్ను ఉంది. అడగకపోతే గుడ్డ అలాగే ఉంటుంది.

వినే_చదువరి
ఆ కాగితంలో లేని పేరొకటి చేర్చండి. సుగమ్య పుస్తకాలయ. నాకు చూపు లేదు, డిగ్రీ రాజనీతిశాస్త్రం చదువుతున్నాను. 2016లో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం ఇది. అచ్చు చదవలేనివాళ్ల కోసమే పుస్తకాలను వినడానికి, బ్రెయిలీలో చదవడానికి వీలైన రూపంలో ఉంచుతారు. వైకల్య ధ్రువపత్రం చూపి సభ్యత్వం తీసుకోవాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లను నా ఫోను చదవలేదు, ఎందుకంటే అందులో ఉన్నది అక్షరాల బొమ్మ. మీరంతా 'పీడీఎఫ్ ఉంది కదా' అంటుంటే ఈ మాట చెప్పాలనిపించింది.

పుస్తకాల_చావడి
చాలా మంచి మాట చెప్పారు. మా సూచనల పలక మీద రేపే చేరుస్తాను.

నర్సంపేట_మిర్చి
వికాస్‌పీడియా గురించి రైతుగా నా అభిప్రాయం. సీ-డాక్ హైదరాబాద్ వాళ్లు తయారుచేశారు, తెలుగులో ఉంది. పథకాలు, మట్టి పరీక్ష, పశుపోషణ మీద చదవడానికి బాగుంటుంది. పురుగు పడినప్పుడు మాత్రం దాని మీద ఆధారపడను. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు పేజీలు చదువుతూ కూర్చునే సమయం ఎక్కడిది? రెమ్మ కోసి సంచిలో వేసుకుని మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి పరుగెత్తాలి. ధరలకు మాత్రం అగ్‌మార్క్‌నెట్ చూస్తాను. ఎనుమాములకు సరుకు వేసే ముందు మిగతా మార్కెట్ల ధర తెలిస్తే మాట్లాడే తీరే వేరు.

వరంగల్_కోట_తల్లి
చిన్నపిల్లలున్నవాళ్లు స్టోరీవీవర్ చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్లది. తెలుగు బొమ్మల కథలు చదివే స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి, దింపుకొని అచ్చు వేసుకోవడానికీ అనుమతి ఉంది. మా బాబు రాత్రి నిద్రకు ముందు ఒకటి చదివించుకుంటాడు. ఏనుగు కథలన్నీ అయిపోయాయి, ఇంకా కావాలంటున్నాడు.

మడికొండ_మాటకారి
రామప్ప గోడల మీద బోలెడు ఏనుగులున్నాయి, ఆదివారం తీసుకెళ్లండి!

కాజీపేట_అమ్మ
పరకాల సార్, పాప ఫిరంగి ప్రయోగం తెరిచింది. మీరు చెప్పినట్లే 30, 60 పెట్టి చూసి, తర్వాత 20, 70 కూడా తనే పెట్టింది. రెండూ ఒకేచోట పడ్డాయట. 'కలిపితే 90 అయితే చాలా అమ్మా?' అంటోంది. నాకేం చెప్పాలో తెలియలేదు.

పరకాల_భౌతికం
అదే సమాధానం! రెండు కోణాలు కలిపి 90 అయితే పడే దూరం ఒకటే. ఎందుకో తెలియాలంటే సూత్రంలో రెండు రెట్ల కోణానికి సైన్ ఉంటుంది, 40 డిగ్రీలకూ 140 డిగ్రీలకూ సైన్ విలువ వేసి చూడమనండి. త్రికోణమితి దగ్గర ఆగిపోతే ఖాన్ అకాడమీలో ఆ ఒక్క భాగమే చూడమనండి. వీడియోకు ముందు అభ్యాసం లెక్కలు చేయించండి, ఎక్కడ ఆగిందో అక్కడి వీడియో చాలు.

జనగామ_బీటెక్
స్వయం, ఎన్‌పీటీఈఎల్ మీద ఒక మాట. ఐఐటీల ఆచార్యుల పాఠాలు, వినడం ఉచితం, పరీక్ష రాసి ధ్రువపత్రం తీసుకోవాలంటేనే రుసుము. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేసుకోవచ్చు. కానీ మీ విశ్వవిద్యాలయం ఆ కోర్సును అంగీకరిస్తుందో లేదో ముందే రాయించుకోండి. నోటిమాట నమ్మి చేరితే క్రెడిట్లు కలపరు.

కొత్తవాడ_నేత
నేషనల్ డిజిటల్ లైబ్రరీలో తివాచీల నేత మీద పుస్తకం దొరికింది, నొక్కితే చదవనివ్వడం లేదు. ఎందుకు?

పుస్తకాల_చావడి
అది ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే వెతుకులాట వేదిక. ఎన్నో సంస్థల పుస్తకాల వివరాలు ఒకచోట చూపిస్తుంది. కొన్ని పుస్తకాలు ఆ సంస్థ చందాదారులకే తెరుచుకుంటాయి. వెతికేటప్పుడు పక్కనున్న వడపోతల్లో అందరికీ అందుబాటులో ఉన్నవి మాత్రమే ఎంచుకోండి, భాష తెలుగు అని కూడా పెట్టుకోవచ్చు. లేదా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. పాత తెలుగు పుస్తకాలు అక్కడ వేలల్లో ఉన్నాయి, కానీ చాలావాటి పేర్లు ఇంగ్లిష్ లిపిలో, ఎవరికి తోచినట్లు వాళ్లు ఎక్కించారు. తెలుగులో టైపు చేసి లేదనుకోవద్దు. ఒకే పేరును అక్షరాలు మార్చి నాలుగైదు రకాలుగా రాసి వెతకండి. దీర్ఘానికి ఒకరు రెండు 'ఏ'లు రాస్తారు, ఇంకొకరు ఒకటే రాస్తారు. రచయిత ఇంటిపేరుతో కూడా వెతికి చూడండి.

కొత్తవాడ_నేత
ఇంటిపేరుతో వెతికితే వచ్చింది మేడం! చేనేత మీద పాత పుస్తకం, లోపల మగ్గం బొమ్మలు కూడా ఉన్నాయి. దీన్ని మా సంఘంలో పది ప్రతులు అచ్చు వేసి పంచుకోవచ్చా?

పుస్తకాల_చావడి
రచయిత చనిపోయిన ఏడాది చూడండి. మన చట్టం ప్రకారం ఆ తర్వాతి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు దాటితే హక్కులు తీరిపోతాయి, నిశ్చింతగా వేసుకోండి. ఆర్కైవ్‌లో ఉన్నంత మాత్రాన హక్కులు లేవనుకోకూడదు. ఆ ఏడాది ఎంతో ఇక్కడ రాయండి, లెక్క చూసి చెబుతాను.

కొత్తవాడ_నేత
ముందుమాటలో ఉందేమో చూస్తున్నాను.